లాగ్ కొత్త జంతువేమీ కాదు, ఘాతాంకానికి ఇంకో పేరు

గుంటూరులో బైపీసీ చదువుతూ నీట్‌కి తయారవుతున్న ఒక విద్యార్థి అడిగింది క్లుప్తంగా ఇది: "పదో తరగతితో లెక్కలు వదిలేశాను. ఇప్పుడు కెమిస్ట్రీలో పీహెచ్, రేటు స్థిరాంకం, నెర్న్‌స్ట్ సమీకరణం, ఎక్కడ చూసినా లాగే. సూత్రాలు బట్టీ పట్టినా జవాబు తప్పుతోంది. అసలు ఘాతాంకాలకీ లాగ్‌కీ సంబంధం ఏమిటి? పరీక్షలో క్యాలిక్యులేటర్ లేకుండా ఎలా చేయాలి?"

ముందు ఆ సూత్రాలన్నీ పక్కన పెట్టి, కాగితం మీద ఒక్క ముక్క రాయండి: 2³ = 8. ఇందులో మూడు అంకెలున్నాయి. బొటనవేలితో ఒక్కోదాన్నీ మూసి చూడండి. 8 మీద వేలు పెడితే ప్రశ్న "మూడు రెండ్లు వేసి గుణిస్తే ఎంత?" అది ఘాతం. అడుగున ఉన్న 2 మీద పెడితే "దేన్ని మూడుసార్లు వేసి గుణిస్తే 8 వస్తుంది?" అది ఘనమూలం. పైనున్న బుల్లి 3 మీద పెడితే "ఎన్ని రెండ్లు వేస్తే 8 వస్తుంది?" అది లాగ్. లాగ్₂ 8 = 3 అని రాసినా, 2³ = 8 అని రాసినా చెప్పేది ఒకటే సంగతి. లాగ్ విలువగా వచ్చేది ఎప్పుడూ ఒక ఘాతాంకం. తెలుగు మీడియం వాళ్లు సంవర్గమానం అని చదివింది దీన్నే.

కూడికను వెనక్కి తిప్పడానికి తీసివేత ఒక్కటే చాలు, ఎందుకంటే 2 + 3 అన్నా 3 + 2 అన్నా ఒకటే. గుణకారానికీ అంతే, భాగహారం చాలు. ఘాతం దగ్గర ఈ సౌకర్యం లేదు: 2³ ఎనిమిది, 3² తొమ్మిది. అడుగుదీ పైదీ తారుమారైతే విలువే మారిపోతోంది కనక వెనక్కి రావడానికి రెండు దారులు కావాలి. అడుగు సంఖ్య కావాలంటే మూలం, పై సంఖ్య కావాలంటే లాగ్. పదో తరగతి దాకా వర్గమూలం, ఘనమూలం చేసీ చేసీ అలవాటైపోయి అవి సహజంగా అనిపిస్తాయి. లాగ్ మాత్రం అటు ఇంటర్లో హఠాత్తుగా మీద పడుతుంది. తేడా అలవాటులోనే ఉంది.

మన దేశంలో ఈ ఆలోచన చాలా పాతది. 9వ శతాబ్దపు జైన గణితవేత్త వీరసేనుడు "అర్ధచ్ఛేదం" అనే మాట వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయగలమో అదే దాని అర్ధచ్ఛేదం. 8 ని సగం చేస్తే 4, మళ్లీ సగం 2, మళ్లీ సగం 1. మూడుసార్లు. అంటే ఆధారం (అడుగు సంఖ్య) 2 గా ఉన్న లాగ్ అన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, కింద అర్ధాయువు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక సూత్రాలు. 10² × 10³ అంటే రెండు పదులు, పక్కన మూడు పదులు, మొత్తం ఐదు పదులు: 10⁵. గుణిస్తే ఘాతాంకాలు కలిశాయి. లాగ్ అంటే ఘాతాంకమే కనక, గుణిస్తే లాగ్‌లు కలుస్తాయి. ఇక్కడి నుంచి ఆధారం రాయని చోట 10 అనుకోండి: లాగ్ (100 × 1000) = 2 + 3 = 5. భాగిస్తే ఘాతాంకాలు తీసేస్తాం, కాబట్టి లాగ్‌లు తీసేస్తాం. 1000² అంటే వెయ్యి రెండుసార్లు, అంటే 3 + 3, కాబట్టి లాగ్ (1000²) = 2 × 3 = 6. పుస్తకంలో మూడు సూత్రాలు వేర్వేరు పెట్టెల్లో ఇస్తారు గానీ ఇవి మీకు ఎనిమిదో తరగతిలో వచ్చిన ఘాతాంక న్యాయాలే, వేషం మార్చుకొని వచ్చాయి.

అసలు తికమక ఇక్కడ మొదలవుతుంది: లాగ్ 100 = 2 సరే, లాగ్ 2 = 0.3010 అంటే ఏమిటి? పదిని 0.3010 సార్లు గుణించడం ఏమిటి? దానికి జవాబు కంటికి కనపడేలా ఉంది. రెండుని పదిసార్లు వేసి గుణించండి: 2¹⁰ = 1024. ఇది 1000కి, అంటే 10³ కి చాలా దగ్గర. పది రెండ్లు కలిసి ఇంచుమించు మూడు పదుల పని చేశాయి. మరి ఒక్క రెండు ఎన్ని పదుల పని చేసినట్టు? పదింట మూడు వంతులు, 0.3. అందుకే 10 పవర్ 0.3 ఇంచుమించు 2. 1024 వెయ్యి కంటే కొద్దిగా ఎక్కువ కనక అసలు విలువ 0.3 కి కొద్దిగా పైన, 0.3010 దగ్గర ఆగుతుంది. భిన్నపు ఘాతాంకం అంటే ఇంతే. 10 పవర్ 0.5 ని రెండుసార్లు వేస్తే 10 రావాలి, కాబట్టి అది √10, సుమారు 3.16.

ఇదే చిట్కాతో మిగతావీ రాబట్టవచ్చు, బట్టీ పట్టే అవసరం తగ్గుతుంది. 5 అంటే 10 ని 2 తో భాగించడం, కాబట్టి లాగ్ 5 = 1 − 0.3010 = 0.6990. 3 కోసం 3⁴ = 81 చూడండి, అది 80 కి దగ్గర. 80 అంటే 8 × 10, లాగ్ 0.903 + 1 = 1.903. నాలుగో వంతు 0.4758. పట్టికలో ఉన్నది 0.4771. ఏడు ఇంకా ముచ్చటగా వస్తుంది: 7⁴ = 2401, 2400 కి పక్కనే ఉంది. 24 లాగ్ 0.9030 + 0.4771 = 1.3801, వందకి 2 కలిపితే 3.3801, నాలుగో వంతు 0.8450. పట్టికలో 0.8451. మీరు నిజంగా కంఠతా పట్టాల్సినవి మూడే: లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771, లాగ్ 7 = 0.8451. 4, 5, 6, 8, 9 వీటిలోంచే పుడతాయి. ఆప్షన్లు దూరదూరంగా ఉంటే 0.3, 0.48, 0.85 చాలు. దశాంశాలు లాగుతూ కూర్చుంటే సమయం పోవడం తప్ప ఒరిగేది లేదు.

ఇప్పుడు పీహెచ్, అంటే హైడ్రోజన్ అయాన్ గాఢతకి లాగ్ తీసి గుర్తు మార్చిన విలువ. ఒక ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ గాఢత 3 × 10⁻⁵ అనుకోండి. లాగ్ తీస్తే 0.4771 − 5 = −4.5229. గుర్తు మారిస్తే పీహెచ్ 4.52. బైపీసీ పిల్లల్లో చాలామంది ఇక్కడ 5.4771 రాస్తారు. ఎందుకంటే 5, 0.4771 అనే రెండు ముక్కలు కనపడగానే చెయ్యి వాటిని కలిపేస్తుంది. కానీ 0.4771 ధనం, 5 రుణం, రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నాయి. ఈ తప్పు పట్టుకోవడానికి లెక్క కూడా అక్కర్లేదు. 3 × 10⁻⁵ అనేది 10⁻⁵ కంటే పెద్దది, 10⁻⁴ కంటే చిన్నది. కాబట్టి పీహెచ్ 4 కీ 5 కీ మధ్యే ఉండాలి. 5.47 వచ్చిందంటే అది ఆ ఇంట్లో ఉండాల్సిన మనిషి కాదు. నాలుగు ఆప్షన్లలో ఒక్కోసారి ఈ ఒక్క చూపుతోనే మూడు ఎగిరిపోతాయి.

తిరుగు లెక్కలో పడే గొయ్యి ఇంకా లోతు. పీహెచ్ 9.7 ఇచ్చి గాఢత అడుగుతారు. 10 పవర్ −9.7 కావాలి. ఇక్కడ −9.7 ని −9, +0.7 గా విడగొట్టి, 10 పవర్ 0.7 ఐదు కదా అని 5 × 10⁻⁹ రాసేస్తారు. −9 కీ +0.7 కీ కూడిక −8.3, −9.7 కాదు. సరైన పద్ధతి: ఒక మెట్టు కిందికి దిగి −10 తీసుకోండి, అప్పుడు మిగిలేది +0.3. 10 పవర్ 0.3 అంటే 2. జవాబు 2 × 10⁻¹⁰. ఎప్పుడూ కింది పూర్ణాంకానికి దిగాలి, ఎందుకంటే ముందుండే గుణకం 1 కీ 10 కీ మధ్య ఉండాలంటే దశాంశ భాగం ధనంగానే ఉండాలి.

లాగ్ పట్టిక వాడినవాళ్లు "బార్ 5 పాయింట్ 4771" అనే మాట విని ఉంటారు. 5 నెత్తిన గీత గీసి రాస్తారు. దానర్థం −5 + 0.4771. రుణం ముందు భాగానికి మాత్రమే, వెనక భాగం ధనమే. ముందు భాగాన్ని క్యారెక్టరిస్టిక్ అంటారు, వెనక భాగాన్ని మాంటిస్సా. పట్టికలో దొరికేది మాంటిస్సా ఒక్కటే. ఎందుకంటే 11 కైనా, 11 వేలకైనా, 11 లక్షలకైనా మాంటిస్సా ఒకటే, .0414. ముందు భాగమే 1, 4, 6 గా మారుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ సంఖ్యకి లాగ్ 6 చిల్లర. అదే బ్యారేజీకి 11 వేల క్యూసెక్కులు వచ్చే రోజున 4 చిల్లర. వందరెట్ల తేడా లాగ్‌లో రెండు మెట్లుగా మాత్రమే కనపడుతుంది, పీహెచ్ 4 కీ 6 కీ తేడా కూడా సరిగ్గా అంతే. పీహెచ్ 6 నుంచి 4 కి "కొంచెం తగ్గింది" అనుకోవడం పెద్ద పొరపాటు.

పట్టిక చూడటం రెండు నిమిషాల పని. 1.246 లాగ్ కావాలంటే 12 ఉన్న వరస పట్టుకుని 4 నిలువు దాకా వెళ్లండి, 0934 ఉంటుంది. అదే వరసలో కుడి చివర ఉండే సగటు భేదాల గడుల్లో 6 కింద 21 ఉంటుంది. కలిపితే 0955, అంటే 0.0955. ముందు సున్నాను మింగేసి 0.955 రాయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. ప్రవేశ పరీక్షల్లో పట్టిక ఉండదు కాబట్టి మీకు ఇంతకంటే అవసరం లేదు.

రసాయన గతిశాస్త్రానికి వద్దాం. మొదటి క్రమాంక చర్యలో సమాన కాలాల్లో సమాన వంతు మిగులుతుంది. ఒక అర్ధాయువులో సగం, రెండో దానిలో సగంలో సగం. అంటే కాలం ఘాతాంకం స్థానంలో కూర్చుంది. కాలం కనుక్కోవాలంటే పైనున్న దాన్ని కిందికి దించాలి, ఆ పని లాగ్ తప్ప ఇంకేదీ చేయదు. సూత్రంలో లాగ్ ఎందుకొచ్చింది అంటే ఇదే. 99.9 శాతం చర్య పూర్తవడానికి ఎన్ని అర్ధాయువులు పడతాయి అనేది ఎన్నిసార్లో అడిగిన ప్రశ్న. మిగిలింది వెయ్యో వంతు. 1000 ని ఎన్నిసార్లు సగం చేయాలి? వీరసేనుడి అర్ధచ్ఛేదమే. 2¹⁰ = 1024 కాబట్టి సుమారు పది. సూత్రం, రేటు స్థిరాంకం, ఏదీ అక్కర్లేకుండా జవాబు వచ్చింది. 75 శాతానికి రెండు, 87.5 శాతానికి మూడు. 90 శాతానికి మాత్రం 1 ని 0.3010 తో భాగించాలి, 3.32 వస్తుంది.

మరి రేటు స్థిరాంకం సూత్రంలో లాగ్ ముందు ఉండే ఆ 2.303 ఎక్కడిది? ప్రకృతిలో తరుగుదల లెక్కలకు సహజంగా వచ్చే ఆధారం 10 కాదు, 2.718 అనే సంఖ్య. దాన్ని ఆధారంగా తీసుకున్న లాగ్‌కి సహజ సంవర్గమానం అని పేరు, క్యాలిక్యులేటర్ మీద ఎల్‌ఎన్ అని ఉండే మీట అదే. 2.718 ని 2.303 పవర్‌కి పెంచితే 10 వస్తుంది. అంటే ఒక్కో పదిలో 2.303 అలాంటి మెట్లున్నాయి. కాబట్టి మామూలు లాగ్‌ని 2.303 తో గుణిస్తే సహజ లాగ్ వచ్చేస్తుంది. అర్ధాయువు సూత్రంలోని 0.693 కూడా వేరే వింత కాదు: 2.303 × 0.3010 = 0.693. నెర్న్‌స్ట్ సమీకరణంలోని 0.0591 లోనూ ఇదే దాక్కుంది: 2.303 × 8.314 (వాయు స్థిరాంకం) × 298 (కెల్విన్‌లలో ఉష్ణోగ్రత) ని 96500 (ఫారడే స్థిరాంకం) తో భాగించి చూడండి. 298 కెల్విన్ కాకుండా వేరే ఉష్ణోగ్రత ఇచ్చినప్పుడు 0.0591 వాడితే ఎందుకు తప్పో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంకో అనవసరపు తలనొప్పి ఏమిటంటే, ఉత్త లాగ్ అని రాస్తే దాని ఆధారం ఎంతో అందరూ ఒకేలా అనుకోరు. కెమిస్ట్రీ లెక్చరర్ రాస్తే 10. పక్క క్లాసులో ఎంపీసీ వాళ్లకు కలనగణితం చెప్పే లెక్చరర్ రాస్తే 2.718. ఎక్సెల్‌లో లాగ్ అంటే 10, పైథాన్‌లో లాగ్ అంటే సహజ లాగ్. ఎవరి నోట్సు చూస్తున్నారో అది ముందు గమనించండి. ఒక ఆధారం నుంచి ఇంకోదానికి మారాలంటే భాగహారమే: లాగ్₂ 8 కావాలంటే 0.9030 ని 0.3010 తో భాగించండి, 3 వస్తుంది. ఒక్కో రెండు 0.3010 పదుల పని చేస్తే, 0.9030 పదుల పనికి ఎన్ని రెండ్లు కావాలి అని అడుగుతున్నాం.

పరీక్షలో మార్కులు పోయేది మాత్రం చిన్న చోట్లే. లాగ్ (100 + 1000) ని 2 + 3 = 5 అంటారు. అది లాగ్ 1100, విలువ 3.0414. కూడికకు లాగ్ దగ్గర ఏ సూత్రమూ లేదు, ముందు కూడి తర్వాతే లాగ్ తీయాలి. లాగ్ 8 ని లాగ్ 2 తో భాగించడం వేరు, లాగ్ (8/2) వేరు. మొదటిది 3, రెండోది 0.6020. అలాగే లాగ్ 1000 మొత్తాన్ని వర్గం చేస్తే 9, లోపలి వెయ్యిని వర్గం చేసి లాగ్ తీస్తే 6. దీన్ని 100 తో సరిచూసుకుంటే రెండూ 4 వచ్చి మిమ్మల్ని మోసం చేస్తాయి. ఇలాంటి పరీక్షకు 100 అచ్చిరాదు, వెయ్యి వాడండి.

సున్నాకీ రుణ సంఖ్యలకీ లాగ్ ఎందుకు లేదంటారా? పదిని ఎన్నిసార్లు గుణించినా, ఎన్నిసార్లు భాగించినా సున్నా రాదు, రుణం రాదు. 10⁻¹⁰⁰ కూడా ధనమే, ఎంత చిన్నదైనా. ఆధారంగా 1 పనికిరాదు, ఎందుకంటే 1 ని ఎన్నిసార్లు వేసినా 1 దాటదు. ఈఏపీసెట్‌కి వెళ్లే ఎంపీసీ వాళ్లకు ఇది మార్కుల విషయం. లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ − 3) = 1 ఇస్తే, ఎక్స్ (ఎక్స్ − 3) = 10 అయ్యి 5, −2 వస్తాయి. ఆప్షన్లలో రెండూ ఉంటాయి. −2 ని మొదటి సమీకరణంలో పెడితే లాగ్ లోపల రుణం వస్తుంది, కొట్టేయాలి.

పుస్తకం బయట ఇది కళ్లముందు పెట్టుకోవాలంటే మన గుంటూరు అప్పుల లెక్క చాలు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. ఏటా వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తూ పోతే బాకీ ఏడాదికి 1.24 రెట్లవుతుంది. రెట్టింపు ఎప్పుడు? లాగ్ 2 ని లాగ్ 1.24 తో, అంటే 0.3010 ని 0.0934 తో భాగిస్తే 3.22 ఏళ్లు. పదిరెట్లు ఎప్పుడు? 1 ని 0.0934 తో భాగిస్తే 10.7 ఏళ్లు. 72 ని వడ్డీ శాతంతో భాగించే నోటిలెక్క ఇక్కడ 3 ఇస్తుంది. అది కూడా 0.693 లోంచి పుట్టిందే: వడ్డీ తక్కువైతే 69.3 తో భాగించాలి, మామూలు వడ్డీలకు సరిపడేలా, సులువుగా భాగమయ్యేలా 72 చేశారు. శబ్దానిదీ ఇదే దారి, డెసిబెల్ లెక్క అంటే తీవ్రత నిష్పత్తి లాగ్‌కి పదిరెట్లు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆటో హారన్ మీ చెవి దగ్గర 70 డెసిబెల్స్ ఇస్తే, అలాంటివే రెండు కలిసి 140 ఇవ్వవు. తీవ్రత రెట్టింపు, 10 × 0.3010 అంటే 3 పెరిగి 73 అవుతుంది.

సూత్రాలు ముందూ వెనకా అయినట్టు మీకు అనిపించడానికి చరిత్ర కూడా ఒక కారణం. నేపియర్ లాగ్ పట్టికలు అచ్చయింది 1614 లో. ఘాతాంకాన్ని పైన బుల్లి అంకెగా రాసే ఇప్పటి పద్ధతిని డెకార్ట్ వాడింది 1637 లో. అంటే లాగ్ పుట్టేనాటికి దాన్ని సులువుగా చెప్పే రాత ఇంకా కుదురుకోలేదు. పదిని ఆధారంగా చేసుకుని బ్రిగ్స్ 1624 లో 14 దశాంశాల దాకా పట్టికలు వేశాడు. లాగ్ అంటే ఘాతాంకమే అని నిర్వచనంగా నిలబెట్టింది ఆయిలర్, 1748 లో. శతాబ్దం పైగా పట్టిన సంగతి మీకు వారంలో పట్టుబడకపోతే కంగారు పడనక్కర్లేదు.

ఈ రాత్రి ఇవి కాగితం మీద చేయండి. గాఢత 2 × 10⁻³ అయితే పీహెచ్ 2.699. గాఢత 2.5 × 10⁻⁴ అయితే, 2.5 ని 10/4 గా రాసుకోండి, లాగ్ 0.3980, పీహెచ్ 3.602. పీహెచ్ 5.3 అయితే గాఢత 5 × 10⁻⁶. 2¹⁰⁰ లో ఎన్ని అంకెలు? లాగ్ 30.10, కాబట్టి 31 అంకెలు. చివరిది జాగ్రత్త: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 కాదు, ఆమ్లం నీళ్లలో పోస్తే క్షారం అవదు కదా. నీటిలో అప్పటికే ఉన్న అయాన్లను కూడా లెక్కలోకి తీసుకుంటే 1.05 × 10⁻⁷ వస్తుంది, పీహెచ్ 6.98.